గద్ద వాలే తీరు

పోయిన వారం అచ్చుని వాళ్ల నాన్న ఇస్త్రీ షాపు గుమ్మంలో నిలబెట్టి మనం మన పనుల మీద వెళ్లిపోయాం. పాపం, ఆ పిల్ల వారం రోజులుగా అక్కడే ఉంది. లోపలికి పిలుద్దాం. కాకపోతే ఈ కథలోకి ఇవాళే అడుగుపెడుతున్నవాళ్లు కూడా ఉంటారు కదా, వాళ్ల కోసం నాలుగు మాటలు. పాత పాఠకులు ఈలోగా కళ్లజోడు తుడుచుకోవచ్చు.

అచ్చు అన్నది జట్టువాళ్లు పెట్టిన పేరు. ఏ బాస్కెట్‌బాల్ ప్లేయరునైనా నాలుగుసార్లు చూసిందంటే చాలు, అచ్చుగుద్దినట్టు ఆడి చూపిస్తుందని నూలు మిల్లు జట్టులోని అమ్మాయిలు అలా పిలవడం మొదలుపెట్టారు. ఆ జట్టు కోచ్ అచ్చుకి సొంత మేనత్త, అంటే నాన్నకి అక్క. ఏ వారం ఏ జట్టుతో పోటీ ఉంటే ఆ జట్టులోని మొనగత్తె వేషం ప్రాక్టీసులో అచ్చు కడుతుంది. ఆ వేషంతో ఢీకొని రాటుదేలిన మిల్లు అమ్మాయిలు పోటీ రోజున అసలు మనిషిని అవలీలగా ఓడించి వస్తారు. ఆ గెలుపంతా అచ్చు బెంచీ మీద కూర్చుని, ఒళ్లో తువ్వాలు పెట్టుకుని చూస్తుంది. మూడేళ్లుగా ఇదే వరస.

ఇప్పుడు రేవు జట్టు ఒక మార్పిడికి ముందుకొచ్చింది. పేరుమోసిన తమ ప్లేయరుని మిల్లుకి ఇచ్చి, బదులుగా అచ్చుని తీసుకుంటారు. ఆ ప్లేయరుని అందరూ గద్ద అంటారు. బోర్డుకి తగిలి వెనక్కొచ్చే బంతిని అందరి నెత్తిమీంచి తన్నుకుపోతుందని ఆ పేరు. ఈ మార్పిడి ఆవిడే అడిగిందట. ఆడే వయసు దాటిపోతోంది, మిల్లు జట్టులో చేరితే మిల్లులో పర్మనెంటు ఉద్యోగం దొరుకుతుంది. రేవు కోచ్‌కేమో ముందుముందు పనికొచ్చే చిన్నపిల్ల కావాలి. అచ్చుకి మొదటి ఆట నుంచే కోర్టులో చోటిస్తామని మాటిచ్చారు.

అంతా బాగానే ఉంది. బాగోలేనిదల్లా ఒక్క మోకాలు. గద్ద వేషం కట్టి ప్రాక్టీసు చేస్తుంటే అచ్చుకి తెలిసిపోయింది, గద్ద ఎడమ మోకాలు పాడైందని, ఆవిడ దాన్ని దాచుకుని ఆడుతోందని. ఎవరూ చెప్పలేదు. ఆవిడలా ఎగిరి ఆవిడలా దిగితే తన కాలికే తెలిసింది. ఈ సంగతి అత్తతో అంటే మార్పిడి ఆగిపోతుంది, అచ్చుకి మళ్లీ బెంచీయే గతి. అనకపోతే పాడైన కాలొకటి అత్త నెత్తిన పడుతుంది. మిల్లు మేనేజరు అసలే అత్త ఉద్యోగానికి ఎసరు పెట్టాలని కాచుకుని ఉన్నాడు. సంతకాలు ఈ సాయంత్రమే.

సరే, ఇక గుమ్మం దాటిద్దాం.

"లోపలికన్నా రా, బయటికన్నా వెళ్లు," అన్నాడు నాన్న తలెత్తకుండా. "అక్కడ నిలబడితే వెలుతురు ఆగిపోతోంది. మరక పోయిందో లేదో కనపడట్లేదు."

ఆ షాపు పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ముందు ఇస్త్రీ బల్ల, వెనక బట్టలుతికే మెషీన్లు, పైన తీగల నిండా వేలాడే చొక్కాలు. లోపలికి రావాలంటే ఊళ్లోవాళ్లందరి చొక్కా చేతుల్నీ మొహం మీంచి తప్పించుకుంటూ రావాలి. అచ్చు అలాగే వచ్చి బల్ల అవతల ఎత్తు స్టూలు మీద కూర్చుంది.

బల్ల మీద మిల్లు జట్టు నీలం జెర్సీలున్నాయి. వాటిని ఉతికే పని ఈ షాపుదే. ఒకదానికి భుజం కుట్టు ఊడింది, ఒకదానికి ఎవరి గోళ్లో గీరుకుని దారాలు లేచాయి. అచ్చు జెర్సీ మాత్రం ఎప్పుడూ చెమట చుక్క అంటకుండా తిరిగొస్తుంది. ఆయన దాన్నీ అందరి వాటితోపాటే నానబెడతాడు, అందరి వాటితోపాటే ఇస్త్రీ చేసి మడతపెడతాడు. అక్కర్లేదని ఆయనకీ తెలుసు, అచ్చుకీ తెలుసు. ఆ మాట ఇద్దరూ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

"అత్త ఫోన్ చేసింది," అన్నాడు నాన్న. "నిన్నొకసారి కోర్టుకి రమ్మంది. ఇప్పుడే."

"ఎందుకట?"

"ఇస్త్రీవాడికి ఎవరు చెబుతారమ్మా అలాంటివి?" ఆయన ఇవాళ మహా హుషారుగా ఉన్నాడు. ఇస్త్రీ పెట్టె ఆయన చేతిలో ఒకచోట నిలవడం లేదు. "ఇక నీ జెర్సీ ఆ రేవు దగ్గర ఇంకెవడో ఉతుకుతాడు. మూడు నీళ్లు మార్చినా కంపు వదలదు. ఎవడోగానీ అదృష్టవంతుడు."

ఉతికే పని పోతోందని సంబరపడే మనిషిని ఎక్కడైనా చూశామా? ఆ సంబరం మీద నీళ్లు చల్లడానికే అచ్చు వచ్చింది. ఇక నాన్చితే లాభం లేదని ఉన్నదంతా చెప్పేసింది.

నాన్న ఇస్త్రీ పెట్టెని దాని పీట మీద నిలబెట్టాడు.

"ఎవరన్నా నీతో అన్నారా ఈ సంగతి?"

"లేదు నాన్నా."

"డాక్టరు చూడలేదా ఆవిణ్ణి?"

"వాళ్ల డాక్టరూ చూశాడు, మన డాక్టరూ చూశాడు. ఏమీ లేదన్నారు. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే ఏ మోకాలైనా బుద్ధిగానే ఉంటుంది. ఎగిరి దిగేటప్పుడు చూడాలి."

"అమ్మతో అన్నావా?"

"అమ్మతో అంటే ఈపాటికి అత్తకి ఫోన్ వెళ్లిపోయి ఉండేది."

"అదీ నిజమే," అన్నాడు నాన్న. తీగ మీద వేలాడుతున్న ఒక కోటుని అక్కర్లేకపోయినా సర్దాడు. తర్వాత ఇటు తిరిగి, "చెప్పకు," అన్నాడు.

అచ్చు తెల్లబోయింది. నిజం చెప్పొద్దూ, నేనూ తెల్లబోయాను. ఈ మనిషిని మొదటి భాగం నుంచీ మోసుకొస్తున్నాను. జేబులో మర్చిపోయిన పాత బస్సు టిక్కెట్టుని కూడా పారెయ్యకుండా చొక్కాకి పిన్ను గుచ్చి తిరిగిచ్చే మనిషి. అలాంటివాడి నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు.

"అత్త ఉద్యోగం పోతుంది నాన్నా."

"పోతే పోతుంది. ఇంకోటి వెతుక్కుంటుంది. దానికేం, గట్టి మనిషి." ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే అచ్చుకి భయమేసింది. "మూడేళ్లు నోరు మూసుకున్నాను. అక్క కదా, దానికి తెలిసినంత మనకి తెలుస్తుందా అనుకున్నాను. ప్రతి ఆటకీ షాపు మూసి వచ్చి పై వరసలో కూర్చునేవాణ్ణి. నీ బెంచీ కోర్టు వైపుకి తిరిగి ఉంటుంది. నాకు నీ వీపు కనిపించేది. ఆట మొదలు నుంచి చివరిదాకా నా కూతురి వీపు చూసుకుని ఇంటికొచ్చేవాణ్ణి. మొహం కూడా కాదమ్మా."

అచ్చు తలొంచుకుంది. నాన్న వచ్చేవాడని తెలుసు. ఏం చూసేవాడో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

"నువ్వడిగావు, నేను చెప్పాను," అన్నాడాయన, మళ్లీ పెట్టె అందుకుంటూ. "చేసేది నువ్వు. ఏం చేసినా నేను కాదనను. వెళ్లు, అత్త చూస్తూ ఉంటుంది."

మిల్లు జట్టు కోర్టు ఒకప్పుడు నూలు బేళ్లు పేర్చే గోడౌను. జట్టు పెట్టినప్పుడు చెక్క నేల పరిపించి, రెండు వైపులా రింగులు బిగించి, కోర్టు అన్నారు. దూలాల సందుల్లో ఇప్పటికీ నూలు పీచు ఉంది. గాలి గట్టిగా వీస్తే ఆట మధ్యలో రాలుతుంది. ఒక రింగు కింద చెక్క మెత్తబడింది. అక్కడ బంతి కొడితే సగమే లేస్తుంది. వచ్చే జట్లకి అది తెలియదు, మిల్లు అమ్మాయిలు చెప్పరు.

అత్త బెంచీ మీద కూర్చుని ఉంది. అది చూసి అచ్చు తలుపు దగ్గరే ఆగిపోయింది. అత్త కూర్చోగా ఎవరూ చూడలేదు. ఆట సాగినంతసేపూ గీత పక్కన అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, భోజనం కూడా నిలబడే కానిస్తుందని జట్టులో జోకు. అలాంటి మనిషి బెంచీ మీద, అదీ అచ్చు కూర్చునే ఆ చివర, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఇక్కణ్ణించి ఎడమ రింగు సరిగ్గా కనపడదేమే?" అంది.

"స్తంభం అడ్డం అత్తా."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడూ అడగలేదుగా."

"అంటే మూడేళ్లూ సగం ఆటే చూశావన్నమాట."

"సగం చూశాను. మిగతా సగం చప్పుళ్లని బట్టి అనుకునేదాన్ని."

అత్త కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఖాళీ కోర్టు వైపు చూస్తూ కూర్చున్నారు. పక్కపక్కన ఉంటే ఎవరైనా చెప్పొచ్చు, ఆ ముక్కూ ఈ ముక్కూ ఒకే మూసలోవని.

"నిన్ను ఎందుకు దింపలేదో తెలుసా?" అంది అత్త.

"మేనకోడల్ని ఆడిస్తోందని నలుగురూ అంటారని."

"ఆ మాట పుట్టించింది నేనే."

అచ్చు తిరిగి చూసింది.

"అవునే. మీ నాన్నతో అన్నాను, మీ అమ్మతో అన్నాను, జట్టులో వాళ్లంతట వాళ్లు అనుకునేలా చేశాను. వినడానికి బాగుంటుంది కదా. నిజాయితీ గల కోచ్, సొంత మేనకోడలని కూడా చూడదు. జనం మెచ్చుకున్నారు కూడా." అత్త మెడలోని విజిల్‌ని అటూ ఇటూ తిప్పింది. "అసలు సంగతి వేరే. నిన్ను దింపితే నువ్వు అయిదుగురిలో ఒకత్తివి. దింపకపోతే ప్రతి వారం నాకు ఎదుటి జట్టంతా నువ్వే. ఆ లాభం ఏ కోచ్ వదులుకుంటుంది? ఆటలో దెబ్బ తగిలి నువ్వు మంచమెక్కితే నా ప్రాక్టీసు ఏం గాను? అందుకని బీరువాలో పెట్టి తాళం వేసినట్టు నిన్ను దాచుకున్నాను. వాడుకున్నానే నిన్ను. ఇంతకంటే మంచి మాట దొరకడం లేదు."

అచ్చుకి కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కానీ ఆలస్యంగా, నీరసంగా వచ్చింది. లోలోపల తనకి ఎప్పుడో తెలిసిన సంగతే. తెలిసినదాన్ని ఎదుటి మనిషి నోటితో వింటే నొప్పి తగ్గుతుందనుకుంది. తగ్గలేదు.

"ఇప్పుడు గద్ద వస్తోందని వదిలేస్తున్నావా?"

"గద్ద వస్తోందని ఎగిరి గంతేసింది మేనేజరు. నేనొప్పుకుంది నీ కోసం. నువ్విక్కడ ఉన్నన్నాళ్లూ నేను నిన్ను దింపను, నా సంగతి నాకు తెలుసు. ఈ వారం కాదు వచ్చే వారం అనుకుంటూనే నీకు ముప్పై ఏళ్లు తెప్పిస్తాను. వేరే చోటికి వెళ్తేనన్నా ఆడతావు." అత్త లేచింది. కూర్చుని మాట్లాడటం అంతకంటే తన వల్ల కాదు. "సరే, ఆవిడెటూ వస్తోంది కాబట్టి నా జట్టు సంగతి నేను చూసుకోవాలి కదా. ఆఖరిసారి ఒక్కసారి గద్ద వేషం కట్టు. మన పిల్లలు వేసే బంతుల్ని ఎలా అందుకుంటుందో చూస్తాను. చూసి వెళ్లి సంతకం పెడతాను."

చెప్పాల్సిన సమయం అదే. అచ్చు నోరు తెరిచింది కూడా. పై వరసలో కూర్చుని తన వీపు చూసుకుంటున్న నాన్న కళ్ల ముందు మెదిలాడు. నోరు మూసేసుకుని కోర్టులోకి నడిచింది.

గద్ద కావడానికి అచ్చుకి ఎంతోసేపు పట్టదు. గడ్డం కొద్దిగా కిందికి దించుతుంది, భుజాలు ముందుకి వంచుతుంది, కుడి అరచేతిని తొడకి ఒకసారి తుడుచుకుంటుంది. అంతే, వయసు పదేళ్లు పెరుగుతుంది. నడకలో తొందర పోతుంది. పిల్లలు ఉరుకులు పెడుతుంటే పెద్దమనిషి నింపాదిగా వచ్చి వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నట్టు, సరిగ్గా బంతి పడబోయే చోటికి వచ్చి నిలబడుతుంది.

అత్త బంతిని బోర్డుకి విసిరింది. అది తగిలి వెనక్కి రాగానే అచ్చు ఎగిరి అందుకుంది. గాల్లో ఉన్నంత కాసేపట్లోనే తేల్చుకుంది. రెండు కాళ్లూ ఒకేసారి, సమానంగా నేలకి ఆనించి దిగింది. మోకాలు పాడవని మనిషి ఎలా దిగుతుందో అలా దిగి, ఎడమవైపుకి గిర్రున తిరిగి, బంతి కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

ఇంకోసారి విసిరింది అత్త. మళ్లీ అలాగే.

మరోసారి.

"ఆగు," అంది అత్త.

అచ్చు బంతి పట్టుకుని ఆగిపోయింది. అత్త దగ్గరికొచ్చింది. మొహంలో ఏదో వెలుగుంది. ఆ వెలుగుని అచ్చు ఇంతవరకూ వేరే అమ్మాయిలు ఆడుతున్నప్పుడే, అదీ పక్కనుంచే చూసింది.

"అది గద్ద కాదే. ఎగరడం ఆవిడది, అందుకోవడం ఆవిడది. ఆ దిగడం ఎవరిది?"

అచ్చు బంతిని చేతుల్లో తిప్పింది.

"నీదేనే! దిగీ దిగకముందే మళ్లీ లేవడానికి సిద్ధంగా ఉన్నావు. నేలకి తగిలినట్టే లేదు. ఇన్నేళ్లుగా ఎవరెవరినో చూపించావు గానీ, నిన్ను నువ్వు ఎప్పుడన్నా చూపించావా నాకు?" అత్త అచ్చు భుజం పట్టుకుని ఊపింది. "ఎంత బాగుందో తెలుసా?"

ఈ ఒక్క మాట కోసం అచ్చు ఎన్ని వేషాలు కట్టిందో మనకి తెలుసు. దొరకక దొరకక ఇవాళ దొరికింది, అదీ తను అబద్ధమాడుతుండగా. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనో సిగ్గుతోనో తనకే తెలియలేదు.

అత్త ఆ నీళ్లు చూసింది. ఎంతైనా కోచ్. మేనత్తగా ముందు మురిసిపోయినా, కోచ్‌గా ఆలోచన వెనకే వచ్చింది. భుజం మీది చెయ్యి మెల్లగా తీసేసింది.

"నువ్వెప్పుడూ తప్పు చూపించవే. ఇవాళెందుకు చూపించావు?"

ఇక దాచడం అచ్చు వల్ల కాలేదు. "నోటితో చెబితే నమ్మవు అత్తా. బంతి వెయ్యి."

అత్త విసిరింది. అచ్చు ఎగిరింది. ఈసారి కుడికాలు ముందు ఆనింది. ఎడమకాలు ఆ తర్వాత, నేల ఉందో లేదో చూసుకుంటున్నట్టు మెల్లగా ఆనింది. దగ్గరి దారి ఎడమవైపు ఉండగా కుడివైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లింది.

"పోయిన సీజన్ వీడియోల్లో రెండు కాళ్ల మీదే దిగేది," అంది. "ఈ సీజన్ మధ్యలోంచి ఇలా. కొన్నాళ్లు చేసి చూస్తే ఎందుకో తెలిసిపోయింది. ఆ కాలు మీద బరువు పడకుండా చూసుకుంటోంది అత్తా. నొప్పి ఉన్నవాళ్లు తప్ప ఎవరూ అలా దిగరు."

"అది ఆవిడ కొత్త ఎత్తు కదే?" అంది అత్త. "ఎదుటివాళ్లు ఎడమవైపు కాసుకుని ఉంటే కుడివైపు నుంచి తప్పించుకునే ఎత్తు..."

"అందరూ అలాగే అనుకున్నారు."

"నేను మన చిన్నపిల్లల జట్టుకి నేర్పుతున్నానే అది!"

అచ్చు నోరు తెరిచింది. అత్త తల పట్టుకుంది.

"గద్ద తిరుగుడు అని పేరు కూడా పెట్టాను. పొద్దున్నే వరసగా నిలబెట్టి, ఒకదాని తర్వాత ఒకదాన్ని ఎగరమని, 'ఎడమకాలు లేటుగా, ఇంకా లేటుగా' అని అరుస్తున్నాను. నిక్షేపంలాంటి కాళ్లున్న పిల్లలందరికీ కూర్చోబెట్టి కుంటడం నేర్పుతున్నానా నేను?"

ముందు నవ్వింది ఎవరో చెప్పలేను. ఇద్దరూ పొట్టలు పట్టుకుని, స్తంభానికి ఆనుకుని, ఊపిరాడక నవ్వారు. ఆ నవ్వులో మూడేళ్ల బరువు కొంత దిగింది. నవ్వు ఆగాక గోడౌను ఇంకా పెద్దదిగా, ఖాళీగా కనిపించింది.

"నువ్వు నాకిది చెప్పకుండా ఉండాల్సింది," అంది అత్త కళ్లు తుడుచుకుంటూ.

"నాన్నా అదే అన్నాడు."

"వాడా?" అత్త చెయ్యి ఆగిపోయింది. "మా తమ్ముడా? చెప్పొద్దన్నాడా?"

అచ్చు తలూపింది. చిన్నప్పుడు అక్క పగలగొట్టిన కిటికీ అద్దం సంగతి కూడా వెళ్లి నిజం చెప్పేసి, ఇద్దరికీ తన్నులు తినిపించిన తమ్ముడు. వాడి చేత ఆ మాట అనిపించిందంటే తను ఎంత పని చేసిందో అత్తకి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"సరే," అంది చివరికి. "నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. సంతకం పెట్టేస్తాను. నువ్వు వెళ్లి ఆడుకో."

"మేనేజరు నిన్ను ఊరుకుంటాడా?"

"వాడికి గద్ద కావాలి, గద్దనిచ్చాను. డాక్టర్లు బాగుందన్నారు, నేను డాక్టర్ని కాదు. ఎవడేమన్నా అంటే చూసుకుంటాను. నీకు నేను బాకీ ఉన్నానే."

అచ్చు ఎదురు చూసిన మాట ఇదే. చేతులు కడుక్కుని వెళ్లిపోవచ్చు. తను చెప్పాల్సింది చెప్పింది, ఆపైన పెద్దవాళ్ల ఇష్టం. నాన్న ఇక పై వరసలోంచి, కోర్టులో ఆడే తన మొహం చూస్తాడు. అయినా కాళ్లు కదల్లేదు.

"మరి ఆవిడ సంగతేంటి?" అంది.

"ఎవరి సంగతి?"

"గద్ద సంగతి. ఇక్కడికొస్తే నువ్వు ఊరికే కూర్చోబెడతావా? అంత పేరున్న మనిషి. ప్రతి ఆటకీ దింపాలి. ఆవిడా కాదనదు, ఉద్యోగం ఖాయమయ్యేదాకా పళ్లు బిగించుకుని ఆడుతుంది. ఆ కాలు పూర్తిగా పోయేదాకా ఆడుతుంది." అచ్చు తన ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "ఇన్నాళ్లు ఆవిడలా నడిచాను అత్తా. దిగేముందు ఎంత భయపడుతుందో నాకు తెలుసు. నేను కోర్టులోకి వెళ్లాలంటే ఆవిణ్ణి ఆ కాలుతో ఇక్కడ పడెయ్యాలా?"

బంతి ఎప్పుడో అచ్చు చేతిలోంచి జారి, ఆ మెత్తబడిన చెక్క దాకా దొర్లుకుంటూ వెళ్లి ఆగింది.

దాన్ని వేరే చెయ్యి తీసింది.

తలుపు దగ్గర నీడలోంచి వచ్చిందావిడ. భుజానికి సంచీ, చెవుల దగ్గర నెరుస్తున్న జుట్టు, వీడియోల్లో కంటే పొడుగ్గా ఉంది. గడ్డం కొద్దిగా కిందికి, భుజాలు కొద్దిగా ముందుకి. అచ్చుకి అద్దంలోంచి ఎవరో బయటికి నడిచొచ్చినట్టనిపించింది.

"సంతకానికి ముందు కోర్టు చూసుకుందామని వచ్చాను," అంది గద్ద. "తలుపు తీసే ఉంది."

"రామ్మా," అంది అత్త. ఎంతసేపటి నుంచి ఉన్నావని అడగాల్సిన పని లేదు, ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

గద్ద అత్తని చూడటం లేదు. అచ్చునే చూస్తోంది. కోపంగా లేదు. ఆస్పత్రిలో రిపోర్టు కోసం కూర్చున్నవాళ్లు డాక్టరు మొహం చూసినట్టు చూస్తోంది.

"మా కోచ్‌కి తెలీదు," అంది. "మా ఆయనకి తెలీదు. ఇద్దరు డాక్టర్ల ముందు కాళ్లు చాపుకుని పడుకున్నాను, వాళ్లకీ తెలియలేదు. నీకెలా కనిపించిందమ్మాయ్?"

"కనిపించలేదక్కా," అంది అచ్చు. "నీలా దిగితే తెలిసింది."

గద్ద మెల్లగా తలూపింది. సంచీ దించి పక్కన పెట్టింది.

"వీడియోల్లో నన్ను నేను చూసుకుంటూనే ఉంటాను. కానీ బంతినే చూస్తాను, కాళ్లు చూడను. చూడబుద్ధి కాదు." బంతిని ముందుకి చాపింది. "ఇందాక దూరం నుంచి చూశాను. ఇప్పుడు దగ్గర్నుంచి చూడాలి. నాలాగే ఎగిరి, నాలాగే దిగు. దిగి, ఈ కాలుతో నేనింకా ఆడగలనో లేదో నువ్వే చెప్పు. ఆడలేవంటే ఇట్నుంచి ఇటే వెళ్లిపోతాను, మార్పిడీ లేదు, ఏమీ లేదు. ఆడగలవంటే మీ మేడమ్‌తో పాటు వచ్చి సంతకం పెడతాను. నా కాలి సంగతి నాకంటే నీకే బాగా తెలిసినట్టుంది."

అచ్చు అత్త వైపు చూసింది. అత్త మొదటిసారి ఏమీ చెప్పకుండా, ఏ సైగా చెయ్యకుండా నిలబడింది.

అచ్చు బంతి అందుకుంది. గడ్డం దించింది, భుజాలు వంచింది, కుడి అరచేతిని తొడకి తుడుచుకుంది. బంతిని బోర్డుకేసి కొట్టింది. అది వెనక్కి వస్తోంది. ఎలా దిగాలో ఇంకా తేల్చుకోనేలేదు, కాళ్లు అప్పటికే నేల విడిచేశాయి.